సగం మాత్ర

పొద్దు నడినెత్తికి వచ్చినా అంకన్న జీవాలను దొడ్డి దాటనియ్యలేదు.

కంపతడిక సందులో అడ్డంగా నిలబడి, ఒక్కో గొర్రె వీపు మీద చెయ్యి వేసి లెక్కపెడుతున్నాడు. నూటపదహారు దాకా వస్తాడు, ఆగుతాడు, తల అడ్డంగా ఊపుతాడు, "ఒకటి తక్కువుంది" అంటాడు, మళ్ళీ మొదటికొస్తాడు. తెల్లారినప్పటి నుంచి ఇదే పని. లోపల గొర్రెలు ఆకలికి ఒకదాన్నొకటి కుమ్ముకుంటున్నాయి. పిల్లలు తల్లుల పొదుగుల కింద దూరి, పాలు చాలక అరుస్తున్నాయి.

ఆశా వర్కరు రాధాకుమారి దొడ్డి దగ్గరికి వచ్చేసరికి అంకన్న అన్న కాటమరాజు చేతిలో తాడుంది.

"ఏంది కాటమరాజన్నా ఆ తాడు?"

"ఏంది అంటావేంది? కనపడటంలా? మూడు దినాలుగా ఇట్లనే. నిన్న అన్నాలయ్యేదాకా ఇడిచిపెట్టలా. జీవాలు చస్తే ఎవరు దిక్కు?" కాటమరాజు కోపంగానే అన్నాడు గానీ తమ్ముని ముఖం చూడలేదు. "గురువారం మంద దొనకొండ దిక్కు తోలాల. అక్కడ శెనగ చేలు కోసేసినారు, ఎరువుకు మంద కట్టమని రైతులు ఫోన్ల మీద ఫోన్లు. వీణ్ణి యాడ పెట్టుకునేది నేను? బుధవారం మీ డాక్టరమ్మ వస్తది గదా. ఇట్లనే ఉంటే గుంటూరు పెద్దాసుపత్రిలో చేర్చాలని పోయినసారే చెప్పింది. చేర్చమను. మందలో వీని వాటా జీవాలు నలభై ఉన్నాయి, అమ్మేస్తా. వీడొచ్చేదాకా వాటిని మేపేదెవరు?"

"అమ్మేస్తే వచ్చినాక ఏం చేస్తాడన్నా?"

"అది నన్నడిగితే?"

తాడు వేస్తుంటే అంకన్న తిరగబడలేదు. రెండు చేతులూ తనే ముందుకు చాపినాడు. పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి. ఒక తోపు తోసినా, ఒక తిట్టు తిట్టినా బాగుండేదని రాధాకుమారికి అనిపించింది. దసరా నుంచి మూడు నెలలు ఈ మనిషే ఒంటరిగా మందను అడవికి తోలుకుపోయి, సాయంత్రానికి ఒక్క పిల్ల తప్పిపోకుండా తోలుకొచ్చినాడు. డాక్టరమ్మ మనసు జబ్బుకు రాసిన మందు పనిచేసింది. తన కళ్ళతో చూసింది. అదే మందు ఇప్పుడెందుకు పనిచేయదు?

ఇంటికి పోయి అంకన్న పెళ్ళాం రాములమ్మను అడిగింది. "మాత్రల షీట్లు తియ్యి."

రాములమ్మ చూరులో దోపిన గుడ్డమూట తీసి ఇచ్చింది. ముప్పై మాత్రలు. రెండు షీట్లు ఖాళీ, మూడో దాంట్లో ఐదున్నాయి. డాక్టరమ్మ క్యాంపు అయి ఇరవై ఐదు దినాలు, పోయినవి ఇరవై ఐదు మాత్రలు. పుస్తకంలో టిక్కు పెట్టబోయి ఆగింది. ప్రతి వారం ఇట్లనే వచ్చి, ఖాళీ షీటు చూసి, టిక్కు పెట్టి పోతా ఉంది. మాత్ర షీట్లోంచి పోయింది సరే, అంకన్న కడుపులోకే పోయిందని ఎవరు చెప్పినారు? మింగేది ఒక్కనాడన్నా చూసిందా తను? సిగ్గేసింది. పెన్ను మూసి, "సాయంత్రం వస్తా" అని లేచింది.

సాయంత్రం పొద్దు వెలిగొండల మీద వాలుతుండగా పోయి వాకిట్లో కూచుంది. అంకన్నకు కట్లు విప్పి ముందర సంగటి పళ్ళెం పెట్టినారు. నాలుగు ముద్దలు తిన్నాక రాములమ్మ షీటు తెచ్చి మాత్ర నొక్కింది. అరచేతిలో వేసుకుని, మధ్యలో గీత మీద బొటనవేలి గోరు ఆనించి టక్కున రెండు చేసింది. ఒక సగం మొగుని చేతిలో పెట్టింది. రెండో సగం కొంగు చివర వేసి ముడి బిగించింది. అంతా ఉల్లిపాయ తరిగినంత సులువుగా, చూపు పక్కకు తిప్పకుండా చేసేసింది. ముడి వేసినాక గానీ రాధాకుమారి ఎదురుగా కూచుందన్న సంగతి గుర్తు రాలేదు.

"రాములూ, ఆ సగం ఎవరికి?"

రాములమ్మ కొంగు గుప్పిట్లో పట్టుకుని పొయ్యి వైపు చూసింది.

"నిన్నే అడిగేది. ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు నెల్లు."

"రెండు నెల్లా! ఓసి నీ తెలివి తెల్లారిపోనూ! మొగుణ్ణి గుంజకు కట్టేస్తుంటే చూస్తా నిలబడినావే, నోరు పెగల్లేదా నీకు?"

"అరవకు రాధక్కా." రాములమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగినాయి గానీ మాట తగ్గలేదు. "మందే గదా, పంచుకుంటే తప్పేంది? పురుగులకు నట్టల మందు ఒక్క సీసా తెస్తే మూడు మందలకు తాపుకోమా? పక్క మంద దగ్గుతుంటే మన సీసాకు మూత బిగించుకుని కూచుంటామా? ఈయనకు నయమైంది గదా. నయమైన జీవానికి సగమే గదా తాపేది."

"నీ మొగుడేమన్నా గొర్రెనా?"

"గొర్రెనైతే ఎట్ల చూసుకోవాల్నో నాకు తెలిసుండేది గదక్కా" అని కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఆ మాటకు రాధాకుమారి కోపం సగం చప్పబడిపోయింది. తను మాత్రం ఏం చెప్పింది ఈ మనిషికి? రోజుకొకటి వెయ్యమంది. నయమైనాక కూడా ఎందుకు వెయ్యాలో చెప్పిందా? దగ్గరికి జరిగి మెల్లగా అడిగితే అప్పుడు బయటపడింది పేరు. ఊరి సెంటర్లో కిరాణా దుకాణం కనకమ్మ.

"శెట్టెమ్మకా!"

"ఆయమ్మకు తెలీదు. కోడలు ప్రసన్నలక్ష్మి కాఫీలో కలిపిస్తది. సరుకులకు పోతే గోడౌన్లోకి పిలిచి నా చేతులు పట్టుకుని ఏడ్చిందక్కా. మీ ఆయనకు ఏం వేసి బాగు చేసుకున్నారు, ఆ మందు మా అత్తకు కాస్త పెట్టు అని. అంత పెద్దింటి పిల్ల ఏడుస్తుంటే లేదని ఎట్ల చెప్పేది?"

"బదులేమన్నా ఇచ్చిందా?"

"ఇయ్యబోయింది. నేనే వద్దన్నా. మందుకు బదులు తీసుకుంటారా యాడన్నా?"

రాధాకుమారి కొంగు ముడి విప్పి సగం మాత్ర తీసి అంకన్న చేతిలో పెట్టింది. అతను మింగి, అడక్కుండానే నోరు తెరిచి చూపించినాడు. "రేపటి నుంచి రోజూ వస్తా. నా కళ్ళ ముందర ఒకటికి ఒకటి మింగాల" అని చెప్పి, చీకటి పడకముందే ఇల్లు చేరింది.

సోమవారం పొద్దున దుకాణానికి పోయేసరికి కనకమ్మ గల్లాపెట్టె దగ్గర కూచుని ఉంది. అరవై దాటిన మనిషి, వెదురు బెత్తం మాదిరి నిటారుగా కూచుంటుంది. ఎవరో రైతు మిరపకాయలు తెచ్చినట్టున్నాడు. ఒక కాయ కొన కొరికి, నాలుక మీద ఆడించి, పక్కకు ఊసింది. "పోయినేటి కాయ కొత్తదాంట్లో కలిపినావు. తీసుకుపో" అంది. ఆ రైతు మారు మాట్లాడకుండా సంచి భుజాన వేసుకున్నాడు. ఊళ్ళో ఆమె నాలుకకూ ఆమె తూకానికీ ఎదురు చెప్పేవాళ్ళు లేరు.

ప్రసన్నలక్ష్మి గోడౌన్లో బెల్లం దిమ్మెలు సర్దుతోంది. రాధాకుమారి ముఖం చూడగానే అర్థమైపోయింది. తలుపు దగ్గరికేసి, బస్తా మీద కూలబడింది.

"రాములమ్మ చెప్పేసిందా అక్కా?"

"చెప్పలా. దొరికిపోయింది. ఇంక ఆ సగం రాదు ప్రసన్నా. అక్కడ ఆ మనిషిని గుంజకు కట్టేసినారు."

"అయ్యో" అంది ప్రసన్నలక్ష్మి. నిజంగానే తెలియదు పాపం. తర్వాత మాటలు ఒకటే పోత. "ఏడాది నుంచి ఆవిడకు భయం అక్కా, నేనేదో కలిపి చంపుతున్నానని. బియ్యం తనే కడుగుతుంది, నీళ్ళు తనే తోడుకుంటుంది, గదికి మూడు గొళ్ళేలు. రాత్రంతా ఎవరితోనో మాట్లాడుతుంది. సాయంత్రం కాఫీ ఒక్కటే నా చేతిది తాగుతుంది, ఎందుకో. అందులో కలిపినాను. కలుపుతున్నానని ఆవిడ భయం. నేను నిజంగానే కలుపుతున్నా. చూడు నా బతుకు."

"డాక్టరమ్మ దగ్గరికి తీసుకురాకూడదా?"

"ఆ ఆసుపత్రి వరండాలో కూచోబెట్టమంటావా ఆవిణ్ణి? మా ఆయనతో అంటే, మా అమ్మకు పిచ్చంటావా అని కొట్టబోయినాడు. అక్కా, మేము వ్యాపారం చేసుకునేవాళ్ళం. పిచ్చిదాని తూకం ఎవరు నమ్ముతారు?"

ఆదివారం తాడుకు చాపిన అంకన్న రెండు చేతులు రాధాకుమారి కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

"రెండు దినాలు సర్దు అక్కా. ఏదో ఒకటి ఆలోచిస్తా."

"ఒక్క సగం కూడా రాదు. ఆమెకూ మంచిది కాదది. ఏ జబ్బుకు ఏ మందో తెలియకుండా ఇన్నాళ్ళు పోస్తివి. ఏమన్నా అయ్యుంటే? నువ్వు చెప్తావా ఆమెకు, నేను చెప్పనా?"

ప్రసన్నలక్ష్మి రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"సరే. నేనే చెప్తా" అని బయటికొచ్చేసింది.

అనడమైతే అనేసింది గానీ ఆ దినమంతా అదే ఆలోచన. డాక్టరమ్మతో, రాములమ్మ సగం మాత్రలు పారేసిందమ్మా అని చెప్తే అంకన్న వరకు పని జరిగిపోతుంది. తిట్లన్నీ రాములమ్మకు పడతాయి, కనకమ్మ సంగతి గోడౌన్లోనే ఉండిపోతుంది. ఎవరికీ ఏ గొడవా లేదు, ఆ గోడల మధ్య కనకమ్మకు తప్ప. చెప్తే మాత్రం, విషం పెడుతున్నారన్న ఆమె అనుమానానికి తనే పోయి సాక్ష్యం పలికినట్టు. కోడలి కాపురం ఏమైతదో, తన ఉద్యోగం ఏమైతదో. అయినా చెప్పాల్సిందేనని మంగళవారం మధ్యాహ్నం, బేరాలు పలచబడే వేళకు పోయింది.

కనకమ్మ చాప మీద చింతపండు గుట్ట పోసుకుని గింజలు తీస్తోంది. కళ్ళ కింద నలుపు తేలింది. రాధాకుమారి ఎదురుగా గొంతుక్కూచుని తనూ నాలుగు గుజ్జులు ముందుకు లాక్కుంది.

"అత్తా, నీతో ఒక మాట..."

"నిన్న కాఫీలో చేదు లేదు" అంది కనకమ్మ. తలెత్తలేదు. "నువ్వు పొద్దున గోడౌన్లోకి పోయినావు, సాయంత్రానికి చేదు పోయింది. నువ్వే ఆపించినావా?"

రాధాకుమారి చేతిలో గింజ చేతిలోనే ఉండిపోయింది.

"నీకు... తెలుసా అత్తా?"

"కొన కొరికి ఏ చేని మిరపకాయో చెప్తా నేను. నా కాఫీ సంగతి నాకు తెలియదా?" గింజ తీసి గిన్నెలో వేసింది. "మొదటి దినమే తెలిసింది. ఓహో, నిజమేనన్నమాట, ఇది నన్ను చంపుతా ఉంది అనుకున్నా. అప్పటికే అలసిపోయి ఉన్నానే రాధా. ఏడాది పాటు ఈ గోడలు ఊరుకోలేదు. తూకం వేస్తుంటే పక్కన నిలబడి తప్పు తప్పు అంటాయి. వేసిందే వేసి, వేసిందే వేసి, చేతులు పడిపోయేవి. సరే, పోతే పోయినాలే అని గ్లాసెత్తి తాగేసినా."

ఇంకో గింజ గిన్నెలో పడింది.

"తెల్లారి లేచినా. చావలా. ఎండ కిటికీలోకి వచ్చేదాకా పడుకున్నా. లేచి చూస్తే గోడలు ఊరుకున్నాయి."

రాధాకుమారి ఏడుపు ఆపుకోలేక చింతపండు చేత్తోనే కళ్ళు తుడుచుకుంది, మంట పుట్టి ఇంకా నీళ్ళు కారినాయి. "మరి కోడలికి ఒక్క మాట చెప్పకపోతివే అత్తా?"

"చెప్తే భయపడి మానేస్తది గదా."

లోపలి గది తలుపు వెనక గాజులు గలగలమన్నాయి. ప్రసన్నలక్ష్మి గడప మీదే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. కనకమ్మ అటు చూడలేదు. "దుకాణం ఎవరు చూస్తారే, లేచి ముఖం కడుక్కో" అంది. ఆ కసురులో కోపం లేదు.

"యాడ కొంటున్నారు ఆ మాత్రలు?" అని రాధాకుమారిని అడిగింది.

"కొనడం లేదత్తా. గొర్రెల అంకన్నవి. సగం ఆయనకు, సగం నీకు."

కనకమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఆదివారం కట్టేసినారంట గదా ఒకణ్ణి. అతనేనా?"

"ఊ. సగం చాలక."

కనకమ్మ వేళ్ళకంటిన గుజ్జు ఒక్కొక్క వేలి నుంచీ గీకి తీసింది. ఎవరో వచ్చి ఉప్పు ప్యాకెట్టు అడిగితే వినపడనట్టే ఉంది.

"అయితే ఇన్నాళ్ళూ నేను నిద్రపోయింది అతని నిద్రా?" అంది చివరికి. తర్వాత, "రేపు ఎన్ని గంటలకు వస్తది మీ డాక్టరు?" అని అడిగింది.

బుధవారం మండలం ఆసుపత్రి వరండాలో పది మందికి పైగా ఉన్నారు. కాటమరాజు తమ్ముణ్ణి ఆటోలో తీసుకొచ్చినాడు, చేతులకు తాడుతోనే. మూడు దినాలు నిండు మాత్ర పడింది గదా, అంకన్న పెదవులు కదలడం కాస్త తగ్గింది గానీ చూపు ఇంకా కుదురుకోలేదు. రాములమ్మ పక్కన ముడుచుకుని కూచుంది. తర్వాత ఇంకో ఆటో ఆగి కనకమ్మ, వెనకాలే ప్రసన్నలక్ష్మి దిగినారు. ఎవరో లేచి, "బీపీ చూసేది ఆ గదిలో శెట్టెమ్మా" అని దోవ చూపించినారు. "బీపీ కాదు" అని కనకమ్మ వరుస చివరికి పోయి నిలబడింది.

అంకన్న వంతు వచ్చింది. మనసు జబ్బుల డాక్టరు ఇందు మార్కాపురం నుంచి నెలకొక్కసారి వస్తుంది, చిన్న వయసు, మాట గబగబా ఉంటుంది. కాగితాలు తిప్పి చూసి పెదవి విరిచింది. "నెలంతా పూర్తి డోసు పడినా ఇట్లనే ఉన్నాడంటే నేనింక ఇక్కడ చేసేదేం లేదమ్మా. గుంటూరుకు రాసిస్తాను" అని ఇంకో కాగితం లాక్కుంది.

రాధాకుమారి నోరు తెరిచేలోపే రాములమ్మ ముందుకురికింది. "పూర్తిగా పడలా డాక్టరమ్మా! తప్పు నాది. సగం సగం ఇరిచి పెంటలో పారేసినా. నాకు బుద్ధి లేదు, నన్ను తిట్టండి, ఆయన్ను యాడికీ పంపొద్దు."

"పారేసినావా? ఎందుకు?"

రాములమ్మకు ఎందుకో తోచలేదు. నేల చూపులు చూస్తా నిలబడింది.

"అబద్ధం చెప్తా ఉంది." వాకిలి దగ్గర నుంచి కనకమ్మ గొంతు. వరసలో ఉన్నవాళ్ళను పక్కకు జరిపి లోపలికొచ్చింది. "గడ్డిపోచ పారేసే మనిషి కాదది. ఆ సగం నేను తిన్నా. రెండు నెల్లు."

డాక్టరు పెన్ను బల్ల మీద పెట్టేసింది. కథంతా విన్నాక ఒక్కొక్కరికీ గట్టిగానే వడ్డించింది. ఒకరి మందు ఇంకొకరికి పెడితే ప్రాణం మీదికొస్తుందని రాములమ్మకూ ప్రసన్నలక్ష్మికీ, ఖాళీ షీట్లు చూసి టిక్కులు పెట్టినందుకు రాధాకుమారికీ. రాధాకుమారి తల వంచుకుని అన్నీ పడింది, తనకు పడాల్సినవే కాబట్టి. అంతా అయినాక గుంటూరు కాగితం నలిపి బుట్టలో పడేసింది డాక్టరు. "సగం మందు మీద మనిషిని ఎట్ల తేలుస్తాం? నిండు డోసు వెయ్యండి. పదిహేను రోజుల్లో మార్కాపురం తీసుకురండి, చూసి చెప్తా."

కాటమరాజు గోడకు ఆనుకుని అంతా విన్నాడు. కనకమ్మను ఎగాదిగా చూసినాడు. "శెట్టెమ్మా, ఆ మాత్ర నువ్వూ తిన్నావా? తిని, దుకాణంలో తూకాలు వేస్తానే ఉన్నావా?"

"తిన్నాకనే సరిగ్గా వేసినా" అంది ఆమె.

కాటమరాజు వంగి తమ్ముని చేతుల ముడి విప్పబోయినాడు. బిగుసుకుపోయి రాకపోతే పంటితో లాగినాడు. "రైతులకు ఫోన్ చేస్తాలే. మంద పదిహేను దినాలాగి పోతది. జీవాలు అమ్మేది లేదు, ఏడవబాక" అని మరదలితో అన్నాడు.

కనకమ్మను డాక్టరు తలుపు వేసుకుని అరగంట చూసింది. రాధాకుమారి ఇద్దరి చీటీలు తీసుకుని మందుల కిటికీ దగ్గరికి పోతే, లోపలాయన వెతికి వెతికి మూడు షీట్లే బయట పెట్టినాడు. పేరున్నవాళ్ళకే లెక్క పంపుతారట, కొత్త పేరుకు వచ్చే నెలే. రాములమ్మ చెయ్యి దానంతటదే ఒక షీటు మీదికి పోయి, కనకమ్మ వైపు జరపబోయింది. రాధాకుమారి ఆ చేతి మీద చెళ్ళున ఒకటేసింది. అంకన్న చిన్నగా నవ్వినాడు. ఆ నవ్వు చూసి చాలా దినాలయింది.

"మూడూ అతనికే" అంది కనకమ్మ. "నాది మార్కాపురం పోయి కొనుక్కుంటా."

"మీ అబ్బాయితో తెప్పించుకోవచ్చు గదత్తా. అక్కడ అంతా తెలిసినవాళ్ళే" అంది రాధాకుమారి.

"నాకు రాసింది నేను తెచ్చుకోలేనా?"

ఆసుపత్రి ముందరే బస్సు ఆగింది. ప్రసన్నలక్ష్మి అత్త వెనకాలే ఎక్కింది. కనకమ్మ చీటీ సంచిలో పెట్టుకోకుండా చేత్తోనే పట్టుకుంది. కండక్టరుకు ఆమె దుకాణం తెలుసు, పలకరింపుగా నవ్వినాడు. "ఏం శెట్టెమ్మా, మార్కాపురం పెళ్ళికా?"

"మందుల షాపుకు. మనసు బాగలేదు నాయనా, డాక్టరమ్మ మాత్రలు రాసింది."

బేరం ఆడేటప్పటి గొంతుతోనే చెప్పింది, బస్సంతా వినపడేట్టు. కండక్టరు టిక్కెట్టు కొట్టి ముందుకు పోయినాడు.

రాధాకుమారి కింద రోడ్డు మీద నిలబడి ఉంది. నడిమి కిటికీలోంచి ఎవరో ఒకామె, ముక్కూ ముఖం తెలియని మనిషి, తల బయటికి పెట్టి సన్నగా పిలిచింది.

"ఏమ్మా, ఆ డాక్టరమ్మ మళ్ళా ఎప్పుడొస్తది?"

ఎవరికోసమని రాధాకుమారి అడగలేదు. "వచ్చే నెల రెండో బుధవారం" అని చెప్పింది. బస్సు కదిలింది. ఆమెకు వినపడిందో లేదోనని బస్సు పక్కనే నాలుగడుగులు పరిగెత్తి, ఇంకోసారి గట్టిగా చెప్పింది.